విడి సెల్లుకు స్విచ్చు లేదు

టార్చిలైటు విప్పి తీసిన పెన్సిల్ సెల్లును అరచేతిలో ఎంతసేపు పట్టుకున్నా ఏమీ కాదు. దాని రెండు చివరలనూ రెండు వేళ్లతో నొక్కి పట్టుకున్నా చిన్న జిల్లుమనడం కూడా ఉండదు. అదే సెల్లు జేబులో తాళంచెవుల గుత్తి మధ్య పడితే చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది. ఛార్జింగ్ రకం సెల్లయితే ఒళ్లు కాలుతుంది, ఒక్కోసారి నిప్పే పుడుతుంది. గోడమీది ప్లగ్గులో ఉన్న 230 వోల్టులకు భయపడ్డామంటే అర్థముంది, ఒకటిన్నర వోల్టుల సెల్లు మనిషిని కాల్చడమేమిటని చాలామంది అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. దీనికి జవాబు పట్టుబడితే, విడి సెల్లులను వెంట తీసుకెళ్లడానికి ఇంట్లో చేసుకునే డబ్బా ఎలా ఉండాలో, ఏ డబ్బా పనికిరాదో ఒకరు చెప్పకుండానే తెలిసిపోతుంది.

విడి సెల్లులతో పని లేని ఇల్లు ఇప్పుడు లేదు. రాత్రిపూట కరెంటు వస్తే మోటారు వేయడానికి పొలం వెళ్లే రైతు, పెళ్లిలో ఫ్లాషుకు నాలుగేసి సెల్లులు మార్చుకుంటూ తిరిగే ఫొటోగ్రాఫరు, తీగలేని మైకు అద్దెకిచ్చే సౌండు సిస్టం కుర్రాడు, చెవి మిషను పెట్టుకునే తాతగారు, షుగరు మీటరు సంచిలో వేసుకుని ఊరెళ్లే అమ్మమ్మ, తుపాను హెచ్చరిక వినగానే సెల్లులు కొని పెట్టుకునే కోస్తా కుటుంబాలు, వీళ్లందరి దగ్గరా అవి ఉంటాయి. పరికరం తయారుచేసినవాళ్లు సెల్లు ఎటు తిరిగి ఉండాలో, దేనికి తగలాలో, దేనికి తగలకూడదో ఆలోచించి గూడు కట్టారు. పైన ఒక స్విచ్చు కూడా పెట్టారు. గూటిలోంచి బయటికి వచ్చిన సెల్లు మాత్రం పాలిథిన్ కవరులోనో, చిల్లర పడేసే సంచి అరలోనో పడుతుంది. సెల్లుకు తనంతట తాను ఆగిపోయే గుణం లేదు. రెండు చివరల మధ్య దారి దొరికిన క్షణం నుంచీ అది పనిచేస్తూనే ఉంటుంది, ఆ దారి బల్బు అయినా సరే, తాళంచెవి అయినా సరే. కాబట్టి విడి సెల్లుకు దాన్ని పెట్టిన డబ్బాయే స్విచ్చు కావాలి. ఈ అధ్యాయంలో మిగిలినదంతా ఈ ఒక్క మాటకు వివరణే.

వోల్టులు కావు, ఆంపియర్లు

మేడమీది నీళ్ల ట్యాంకును ఒక్కసారి తలచుకుందాం. ట్యాంకు ఎంత ఎత్తున ఉందన్నది వోల్టేజీ. కింద పంపులోంచి నిమిషానికి ఎన్ని నీళ్లు వస్తున్నాయన్నది కరెంటు, అంటే ఆంపియర్లు. ఎత్తు ఎంతున్నా, మధ్యలో పైపు సూదిబెజ్జమంత ఉంటే చుక్కలే రాలతాయి. ఎత్తు తక్కువైనా పైపు బారెడు వెడల్పుంటే నీళ్లు వరదలా పడతాయి. సెల్లు విషయంలో ఆ పైపు సన్నదనాన్ని నిరోధం అంటాం. ఎండిన చర్మం నిరోధం వేలల్లోంచి లక్ష ఓముల దాకా ఉంటుంది, అందుకే ఒకటిన్నర వోల్టులు దాన్ని దాటి నరానికి తెలిసేంత కరెంటును పంపలేవు. ఇత్తడి తాళంచెవి నిరోధం ఓములో వెయ్యో వంతు దగ్గర్లో ఉంటుంది. దాన్ని అడ్డుగా లెక్కే పెట్టనక్కర్లేదు.

అప్పుడు కరెంటును ఆపేదేమైనా ఉందా అంటే ఒకటే ఉంది, సెల్లు లోపలి రసాయనాలకూ లోహపు ముక్కలకూ సహజంగా ఉండే అడ్డు. దీన్ని లోపలి నిరోధం అందాం. కొత్త ఆల్కలైన్ పెన్సిల్ సెల్లులో ఇది సుమారు 0.15 నుంచి 0.3 ఓము. ఒకటిన్నర వోల్టులను దీనితో భాగిస్తే అయిదు నుంచి పది ఆంపియర్లు వస్తాయి. రిమోట్లలో, గోడ గడియారాల్లో ఈ సెల్లు ఇచ్చే కరెంటు ఆంపియరులో వెయ్యో వంతుల్లో ఉంటుందని గుర్తుంచుకుంటే తేడా ఎంతో తెలుస్తుంది. ఛార్జింగ్ పెట్టుకునే నికెల్ మెటల్ హైడ్రైడ్ పెన్సిల్ సెల్లు వోల్టేజీ ఇంకా తక్కువ, 1.2 వోల్టులే. కానీ దాని లోపలి నిరోధం ఆల్కలైన్‌లో అయిదారో వంతే ఉంటుంది, అందుకే దానికి అడ్డదారి దొరికితే కరెంటు పదుల ఆంపియర్లకు ఎక్కుతుంది. కొత్త రకం టార్చీల్లో, తలకు కట్టుకునే లైట్లలో వాడే లిథియం అయాన్ సెల్లు నుంచి ఇంకా ఎక్కువే రాగలదు. ఇంట్లో ఏసీకి పెట్టే పెద్ద ప్లగ్గు సామర్థ్యం 16 ఆంపియర్లు. బొటనవేలంత సెల్లు ఆ హద్దును అవలీలగా దాటేస్తుంది.

ఆ కరెంటు పుట్టించే వేడి ఎక్కడ పుడుతుందన్నది ఇంకా ముఖ్యం. నిరోధం ఎక్కడుంటే వేడి అక్కడ. టార్చి వెలిగేటప్పుడు నిరోధం చాలావరకు బల్బులో ఉంది కనుక వేడి బల్బులో పుడుతుంది, సెల్లు చల్లగా ఉంటుంది. తాళంచెవి అడ్డుపడినప్పుడు బయట నిరోధమంటూ పెద్దగా లేదు, ఉన్నదంతా సెల్లు లోపలే. అందుచేత వేడి కూడా చాలావరకు సెల్లు కడుపులోనే పుడుతుంది. ఎనిమిది ఆంపియర్ల దగ్గర లెక్క వేస్తే పన్నెండు వాట్లు. 23 గ్రాముల బరువున్న వస్తువులోకి పన్నెండు వాట్లు పోతుంటే రెండు సెకన్లకు ఒక డిగ్రీ చొప్పున, మొదటి నిమిషంలోనే పాతిక ముప్ఫై డిగ్రీలు వేడి పెరుగుతుంది. చుట్టూ జేబు గుడ్డ ఉంటే ఆ వేడి బయటికి పోయే దారి కూడా ఉండదు.

ఆల్కలైన్ సెల్లు అంతటితో ఆగుతుంది. లోపలి ఒత్తిడి పెరిగితే అడుగునున్న సీలు తెగి పొటాషియం హైడ్రాక్సైడు ద్రవం కారుతుంది, అది చర్మానికీ కంటికీ చేటు. లిథియం అయాన్ సెల్లు ఆగదు. దాని లోపలి ద్రవం నీళ్లతో చేసింది కాదు, మండే స్వభావమున్న కర్బన ద్రావకం. వేడి ఒక హద్దు దాటితే లోపలి పొరలు విడిపోతూ తామే వేడిని పుట్టిస్తాయి, ఆ వేడి మరిన్ని పొరలను విడగొడుతుంది. బయటి నుంచి తాళంచెవి తీసేసినా అది ఆగదు. పగ్గం తెగిన వేడి అని దీన్ని పిలుచుకోవచ్చు. 2021 జనవరిలో అమెరికా వినియోగ వస్తువుల భద్రతా సంఘం, 18650 రకం లిథియం అయాన్ సెల్లులను విడిగా కొనవద్దనీ వాడవద్దనీ ప్రజలను హెచ్చరించింది. అవి అసలు బ్యాటరీ ప్యాకుల్లో బిగించడానికి చేసినవి, జేబులో తాళంచెవులూ చిల్లరా తగిలితే షార్ట్ అవుతాయి అన్నది అందులో చెప్పిన కారణం.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది తేలిగ్గా తీసిపారేసేది కాదు. మా నాన్నల కాలం నుంచీ సెల్లులు చొక్కా జేబులో వేసుకునే తిరిగారు, ఎవరికీ ఏమీ కాలేదు కదా అని. ఆ మాట నిజమే, కానీ ఆ సెల్లులు వేరు. అవి జింకు కార్బన్ రకం. వాటి లోపలి నిరోధం ఎక్కువ, దాచుకున్న శక్తి తక్కువ. తాళంచెవి తగిలినా కాసేపు వెచ్చబడి చచ్చిపోయేవి. వాటి దగ్గర జాగ్రత్త లేకపోయినా చెల్లింది, ఎందుకంటే సెల్లే బలహీనం. ఇప్పటి పరికరాలకు కరెంటు ఒక్కసారిగా ఎక్కువ కావాలి. ఫ్లాషు రెండు సెకన్లలో మళ్లీ సిద్ధం కావాలంటే సెల్లు లోపలి నిరోధం తక్కువ ఉండి తీరాలి. మనం మెచ్చుకుని కొన్న గుణమే విడిగా పడేసినప్పుడు ప్రమాదమవుతోంది. సెల్లు మారింది, జేబు అలవాటు మారలేదు.

సెల్లు ఒంటిమీద ప్లస్ ఎక్కడిదాకా ఉంది?

బొడిపె ఉన్న చివర ప్లస్, చదునుగా ఉన్న చివర మైనస్ అని అందరికీ తెలుసు. ఈ రెండింటి మధ్య పెన్సిల్ సెల్లులో 50 మిల్లీమీటర్ల దూరం ఉందనీ, అంత దూరాన్ని కలిపేంత పొడుగు వస్తువు దొరికితేనే ప్రమాదమనీ అనుకుంటాం. సెల్లును వెలుతురులో తిప్పి చూస్తే సంగతి వేరుగా కనిపిస్తుంది. ఛార్జింగ్ సెల్లుల్లో, అది నికెల్ రకమైనా లిథియం రకమైనా, ఉక్కు గొట్టమంతా మైనస్సే. పైనున్న బొడిపె ఒక్కటే ప్లస్. బొడిపె చుట్టూ సన్నని రింగు ఉంటుంది, దాని అవతల గొట్టం అంచు మెడ తిరిగి లోపలికి మడిచి ఉంటుంది. ఆ అంచు కనబడకుండా పైన రంగు ప్లాస్టిక్ తొడుగు ముడుచుకుని ఉంటుంది. అంటే ప్లస్సుకూ మైనస్సుకూ మధ్య ఉన్నది ఒకటి రెండు మిల్లీమీటర్ల జాగా, గోరుతో గీస్తే చిరిగే తొడుగు, అంతే. ఆ తొడుగు మెడ దగ్గర చిరిగితే రూపాయి బిళ్ల అంచు చాలు, రెండూ కలిసిపోతాయి. ఆల్కలైన్ సెల్లులో ఇది తిరగబడి ఉంటుంది. అక్కడ గొట్టం ప్లస్, అడుగున ఉన్న రేకు మూత మైనస్. ఆ మూతకూ గొట్టం అంచుకూ మధ్య నైలాన్ సీలు ఒకటి ఉంటుంది, ఇరుకు జాగా ఈసారి అడుగున ఉంది. ఏ రకం సెల్లు అయినా రెండు చివరలనూ కాపాడాలి, ఒకదానికే టేపు వేసి ఊరుకుంటే చాలదు అనడానికి కారణం ఇదే.

లిథియం సెల్లు కొన్నప్పుడు దుకాణదారు లోపల రక్షణ సర్క్యూట్ ఉందండీ అంటాడు. ఉంటే మంచిదే. అడుగున చిన్న పలక ఒకటి బిగించి ఉంటుంది, కరెంటు మితిమీరితే అది దారి తెంచుతుంది. అయితే ఆ పలక కాపు కాసేది తన గుండా పోయే దారినే. మెడ దగ్గర తొడుగు చిరిగి, బొడిపెకూ గొట్టం అంచుకూ నేరుగా వంతెన పడితే కరెంటు పలక దాకా రాకుండానే తిరిగిపోతుంది. తొడుగు బాగుందా లేదా అని చూసుకోవడం పలక ఉన్న సెల్లుకూ తప్పదు.

తీగలేని మైకుల్లో, మల్టీమీటర్లలో వాడే చదరపు 9 వోల్టుల బ్యాటరీ అన్నిటికన్నా ఇబ్బందికరం. లోపల ఆరు చిన్న సెల్లులు ఒకదాని వెంట ఒకటి కలిపి ఉంటాయి. రెండు బొత్తాలూ ఒకే వైపున, అర అంగుళం ఎడంలో. ఇంత దగ్గరగా ఉన్న ఆ బొత్తాల మీద ఒక్క పిన్నీసు పడితే చాలు. గిన్నెలు తోమే సన్నని ఉక్కుపీచు తగిలితే పోగులు ఎర్రబడి అంటుకుంటాయి. ఇలాంటి బ్యాటరీని డబ్బాలో పెట్టినా సరే, బొత్తాల మీద టేపు వేసే పెట్టాలి. పాత బ్యాటరీ విప్పితే దాని పైనున్న బొత్తాల పలక ఊడి వస్తుంది. దాన్ని తిప్పి కొత్తదానికి మూతలా తగిలించేవాళ్లున్నారు, అది చేయకూడని పని. ఆ పలక మీద రెండు బొత్తాల మధ్య ఏ తీగముక్క మిగిలి ఉన్నా మూతే షార్ట్ చేస్తుంది.

డబ్బా చేసుకోవడం

ఇంట్లో ముందుగా చేతికి దొరికేది పిప్పరమెంట్ల రేకు డబ్బా. చిన్నది, గట్టిది, మూత టక్కున పడుతుంది. సెల్లులకు ఇంతకన్నా చెడ్డ ఇల్లు మరొకటి లేదు. సెల్లులన్నీ ఒకే వైపు తిరిగి నిలబడి ఉన్నాయనుకోండి. పైనున్న రేకు మూత అన్ని ప్లస్సులకూ తగులుతుంది, అడుగు రేకు అన్ని మైనస్సులకూ తగులుతుంది, పక్క గోడలు ఆ రెంటినీ కలుపుతాయి. ఒక్క సెల్లు కాదు, డబ్బాలో ఉన్నవన్నీ ఒకేసారి షార్ట్ అవుతాయి. లోహపు గొట్టం కూడా ఇంతే. పాత రేకు టార్చిని గుర్తు తెచ్చుకుంటే ఇది ఇట్టే అర్థమవుతుంది. అందులో సెల్లు మైనస్ వెనక మూత స్ప్రింగుకు తగులుతుంది, స్ప్రింగు నుంచి కరెంటు టార్చి ఒంటి రేకు గుండా ముందుకు నడిచి, స్విచ్చు దాటి బల్బు చేరుతుంది. రెండు వైపులా లోహపు మూతలున్న లోహపు గొట్టంలో సెల్లులు పెట్టామంటే, బల్బు తీసేసి స్విచ్చు ఆన్ చేసి ఉంచిన టార్చి తయారుచేశామన్నమాట.

రేకు డబ్బా అయితే నిప్పు పుట్టినా బయటికి రాదు, ప్లాస్టిక్ అయితే కరిగిపోతుంది కదా అనేవాళ్లున్నారు. ప్లాస్టిక్ కరుగుతుందన్నది నిజం. కానీ రెండు డబ్బాల్లో నిప్పు పుట్టే అవకాశం సమానం కాదు. రేకు డబ్బా నిప్పును ఆపే ముందు దాన్ని పుట్టిస్తుంది. పైగా మూత బిగిసిన రేకు డబ్బాలో లిథియం సెల్లు వాయువు వదిలితే ఆ ఒత్తిడికి డబ్బా పగిలి ముక్కలు ఎగిరే ప్రమాదం ఉంది. దారిలో డబ్బా నలగకుండా గట్టిదనం కావాలంటే, సెల్లులను ముందు ప్లాస్టిక్ గూళ్లలో పెట్టి, ఆ గూళ్లను బయటి పెట్టెలో వదులుగా పెట్టుకోవచ్చు. కరెంటును ఆపే పని మాత్రం లోపలి గూటిదే.

గూడు చేసుకోవడానికి మన ఊళ్లలో తేలిగ్గా దొరికేది ఇంటి వైరింగుకు వాడే పీవీసీ పైపు. పెన్సిల్ సెల్లు వ్యాసం 14.5 మిల్లీమీటర్లు, సన్న పెన్సిల్ సెల్లుది 10.5, లిథియం అయాన్ 18650 ది 18. పైపు మీద రాసి ఉండే కొలత బయటిది, గోడ మందాన్ని బట్టి లోపలి జాగా తగ్గుతుంది, కాబట్టి కొలతలు నమ్ముకోకుండా సెల్లునే చేతిలో పట్టుకుని ఎలక్ట్రికల్ దుకాణానికి వెళ్లడం మేలు. సెల్లు తన బరువుకు తాను జారి లోపలికి దిగాలి, కానీ అటూ ఇటూ ఊగకూడదు. వదులు ఎక్కువైతే బస్సు కుదుపులకు సెల్లు గోడకు రాసుకుంటూ పోతుంది. కొన్ని నెలలకు చిరిగేది ఏదని అడిగితే, మెడ దగ్గరి తొడుగే. బిగుతు ఎక్కువైతే తీయడానికి స్క్రూడ్రైవరు దూరుస్తాం, అది మరీ ప్రమాదం. హాక్సా బ్లేడుతో కోసిన పైపు అంచున లేచిన పొరను ఎమరీ పేపరుతో నునుపు చేయకపోతే సెల్లు దింపిన ప్రతిసారీ తొడుగును గీకుతుంది. ఒక చివర ప్లాస్టిక్ మూతను పైపు గమ్‌తో అతికించి, వాసన పూర్తిగా పోయేదాకా ఆరనివ్వాలి. అడుగున పాత హవాయి చెప్పు అట్ట నుంచి గుండ్రంగా కోసిన బిళ్ల వేస్తే కుదుపు తగలదు. సెల్లు కింద నుంచి పైదాకా ఒక రిబ్బను ముక్క వేసి ఉంచితే, కొస పట్టుకుని లాగగానే సెల్లు పైకి లేస్తుంది, స్క్రూడ్రైవరు అవసరమే రాదు.

పొడుగు కొలిచేటప్పుడు లిథియం సెల్లు ఒకటి మోసం చేస్తుంది. 18650 అనే అంకెల్లో 65 అంటే 65 మిల్లీమీటర్ల పొడుగు. కానీ రక్షణ పలక ఉన్న సెల్లు దానికంటే కొన్ని మిల్లీమీటర్లు ఎక్కువే ఉంటుంది. 65 కే కోసిన గూట్లో దాన్ని పెట్టి మూత బలవంతంగా నొక్కితే ఆ ఒత్తిడంతా పలక మీద పడుతుంది.

ఒకే పైపులో రెండు మూడు సెల్లులు ఒకదానిమీద ఒకటి పెట్టవచ్చా? పైపూ మూతలూ ప్లాస్టిక్ అయితే పెట్టవచ్చు. ప్లస్సుకు మైనస్ తగిలి వోల్టేజీలు కూడుకుంటాయి గానీ, మొదటి సెల్లు నుంచి చివరి సెల్లుకు తిరుగుదారి లేదు కనుక కరెంటు పారదు. అయినా ఛార్జింగ్ లిథియం సెల్లులకు ఒక్కోదానికి ఒక్కో గూడు ఇవ్వడమే సరైనదని నా అభిప్రాయం. ఒకటి చెడితే పక్కదానికి వేడి తగలడం కాస్తయినా ఆలస్యమవుతుంది. మెత్తగా ఉంటుందని ఎలక్ట్రానిక్ విడిభాగాల ప్యాకింగులో వచ్చే నల్లని స్పాంజిని డబ్బాలో వేసేవాళ్లు ఒక సంగతి గమనించాలి. చిప్పుల కాళ్లు గుచ్చి పంపే నల్ల స్పాంజిలో కార్బన్ కలిపి ఉంటుంది, అది కరెంటును పారనిస్తుంది. దాని మీద నిలబెట్టిన సెల్లులు తెలియకుండానే ఖాళీ అయిపోతాయి.

బజారులో ప్లాస్టిక్ సెల్ కేసులు చవగ్గానే దొరుకుతుంటే ఇంత శ్రమ ఎందుకన్నది మరో ప్రశ్న. సరిపోయేది దొరికితే కొనుక్కోవడమే మంచిది, ఇంట్లో చేసినంత మాత్రాన డబ్బాకు ప్రత్యేక గౌరవమేమీ లేదు. కానీ కొన్న కేసు మీ సెల్లుల జత ఎంతో చూసి చేసింది కాదు. ఫ్లాషుకు నాలుగు కావాలి, మైకుకు రెండు కావాలి. పరికరంలోకి వెళ్లే జతను కలిపి ఉంచడం డబ్బాకు ఉన్న రెండో పని, దీన్ని చాలామంది పట్టించుకోరు. ఫ్లాషులో నాలుగు సెల్లులు వరసగా ఉంటాయి. మూడు నిండుగా ఉండి ఒకటి సగం ఖాళీగా ఉంటే, ఆ ఒకటి ముందుగా అయిపోతుంది. మిగిలిన మూడూ అంతటితో ఊరుకోవు, అయిపోయిన దాని గుండా కరెంటును తోస్తూనే ఉంటాయి. దాని ప్లస్ మైనస్ అవుతుంది, మైనస్ ప్లస్ అవుతుంది, లోపల వాయువు పుడుతుంది, సీలు తెగి కారుతుంది. పరికరంలో తెల్లగా పట్టే ఉప్పులాంటి పొర చాలాసార్లు ఇలా మొదలైందే. అందుకని నాలుగు గూళ్ల వరసకు ఒక రంగు టేపు వేసి, ఆ నాలుగూ కలిసే ఛార్జింగ్‌కు వెళ్లేలా, కలిసే తిరిగి వచ్చేలా చూసుకోవాలి. నిండినవి బొడిపె పైకి, వాడినవి బొడిపె కిందికి పెట్టే పద్ధతి ఫొటోగ్రాఫర్లలో ఉంది. చీకట్లో వేలితో తడిమినా తెలిసిపోతుంది.

గాలి, తడి, ఎండ

గోదావరి జిల్లాల్లోనో శ్రీకాకుళం తీరంలోనో ఉండేవాళ్లు డబ్బాలోకి తడి రాకూడదని రబ్బరు రింగున్న, మర బిగించే సీసా ఎంచుకుంటారు. తడి రాకపోవడం మంచిదే, కానీ లోపలి గాలి బయటికి పోలేకపోవడం మంచిది కాదు. ఆల్కలైన్ సెల్లులోని జింకు చాలా నెమ్మదిగా తుప్పుపడుతూ హైడ్రోజన్‌ను వదులుతుంది. మామూలుగా అది లెక్కలోకి రానంత కొద్ది. సెల్లు చెడినప్పుడో, ప్లస్ మైనస్‌లు తారుమారైనప్పుడో ఎక్కువవుతుంది. హైడ్రోజన్ గాలిలో కలిసిందంటే చిన్న నిప్పురవ్వకు పేలుతుంది. నీటి అడుగున వాడే టార్చీలను గాలి చొరబడకుండా మూస్తారు కనుక, వాటిలో కొన్నిటి లోపల హైడ్రోజన్‌ను నీరుగా మార్చే ప్రత్యేక బిళ్ల పెడతారు. మన డబ్బాకు అంత ఏర్పాటు అక్కర్లేదు. నొక్కితే పడే మామూలు ప్లాస్టిక్ మూత చాలు. పడవ మీదికో వానలోకో తీసుకెళ్లాలంటే ఆ డబ్బాను జిప్ కవరులో వేసుకోవచ్చు, లోపల ఒత్తిడి పెరిగితే ఆ జిప్పు తానే విడిపోతుంది.

ఛార్జి తరిగిపోతుందన్న భయంతో సెల్లులను ఫ్రిజ్‌లో పెట్టే అలవాటు ఒకటుంది. ఆల్కలైన్ సెల్లు మామూలు గది వేడిలో ఏడాదికి రెండు మూడు శాతమే కోల్పోతుంది, ఫ్రిజ్ దానికి చేసే మేలు ఏమీ లేదు. బయటికి తీసినప్పుడు ఒంటిమీద పట్టే నీటి పొర మాత్రం చివరల దగ్గర తుప్పు తెస్తుంది. అసలు కీడు ఎండ వల్ల. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెలలో ఎండలో నిలిపిన కారు లోపలి వేడి, బయటి వేడి కన్నా ఇరవై డిగ్రీలు ఎక్కువ ఉండటం మామూలు. పది డిగ్రీలు పెరిగితే సెల్లు లోపలి రసాయన చర్యల వేగం సుమారు రెట్టింపవుతుంది. లిథియం సెల్లు నిండా ఛార్జితో ఆ వేడిలో ఉంటే వయసు త్వరగా తరుగుతుంది. నెలల తరబడి వాడకుండా ఉంచేదాన్ని సగం ఛార్జి దగ్గర ఆపి, చల్లని అలమరలో పెట్టాలి.

బిళ్ల సెల్లుల విషయం వేరు

గడియారాల్లో, కారు తాళాల్లో, కొన్ని షుగరు మీటర్లలో ఉండే బిళ్ల సెల్లులకు మందుల డబ్బా కొలతపెట్టినట్టు సరిపోతుంది. దయచేసి ఆ పని చేయకండి. చెవి మిషను సెల్లును మాత్ర అనుకుని పెద్దవాళ్లు మింగిన సందర్భాలు వైద్యుల రికార్డులకెక్కాయి. ఇక పిల్లల సంగతి చెప్పేదేముంది, మందు డబ్బా తీస్తే మాత్రే ఉంటుందని వాళ్లకు మనమే నేర్పాం. 20 మిల్లీమీటర్ల వెడల్పున్న 3 వోల్టుల లిథియం బిళ్ల పసిపిల్లల ఆహారనాళంలో సరిగ్గా ఇరుక్కుంటుంది. ఇరుక్కున్నచోట తడి కండ గుండా కరెంటు పారుతుంది, మైనస్ వైపు నీరు విడిపోయి క్షారం తయారవుతుంది, ఆ క్షారం కండను తినేస్తుంది. సెల్లు పగిలి ద్రవం కారితేనే ప్రమాదమన్నది అపోహ, పగలని సెల్లే రెండు గంటల్లో తీవ్రమైన గాయం చేయగలదు. గడియారాన్ని నడపలేక తీసేసిన పాత బిళ్లలో కూడా అందుకు చాలినంత వోల్టేజీ మిగిలే ఉంటుంది. మింగినట్టు అనుమానం వచ్చినా చాలు, వాంతి చేయించకుండా వెంటనే ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

అందుకే బిళ్ల సెల్లుకు అన్నిటికన్నా మంచి డబ్బా అది వచ్చిన అట్ట ప్యాకే. కత్తెరతో ఒక్కోదాన్ని వేరుచేసేటప్పుడు చుట్టూ ప్లాస్టిక్ అంచు వదిలి కోస్తే ప్యాకు విడిపోదు. ప్యాకు పోయినవాటికి రెండు వైపులా టేపు అంటించి, పిల్లల బలానికి తెరుచుకోని డబ్బాలో, మందులకు దూరంగా పెట్టాలి. చెవి మిషనులోని జింకు ఎయిర్ సెల్లుకు వెనక రంగు కాగితం అంటించి ఉంటుంది. అది తీస్తే లోపలికి గాలి వెళ్లి సెల్లు పని మొదలుపెడుతుంది, మళ్లీ అంటించినా పూర్తిగా ఆగదు. ఆ సెల్లుకు స్విచ్చంటూ ఉంటే ఆ కాగితమే, వాడే రోజు దాకా దాన్ని కదపకూడదు.

విమానంవాళ్లు అడిగేదీ ఇదే

అమెరికా చదువులకు వెళ్లే పిల్లల సంచులు సర్దేటప్పుడు చాలా ఇళ్లలో ఒక అయోమయం కనిపిస్తుంది. ల్యాప్‌టాప్‌ను స్విచ్చాఫ్ చేసి పెద్ద పెట్టెలో పెట్టనిస్తారు, దాని విడి బ్యాటరీని మాత్రం పెట్టనివ్వరు. రెండింట్లోనూ ఉన్నది అదే లిథియం అయితే ఈ తేడా ఏమిటి? పరికరంలో ఉన్న బ్యాటరీకి స్విచ్చు ఉంది, గట్టి కవచం ఉంది, చివరలు లోపల దాగి ఉన్నాయి. విడి బ్యాటరీకి ఇవేవీ లేవు. పవర్ బ్యాంకును కూడా విడి బ్యాటరీగానే లెక్కిస్తారు. అది మీ చేతి సంచిలోనే రావాలి, పొగ వస్తే సిబ్బంది చేతికి అందేచోట ఉండాలి. సరుకుల అరలో మంటలార్పే వాయువు మామూలు మంటను ఆపుతుంది గానీ, పగ్గం తెగిన లిథియం వేడిని ఆపలేదు. 2010 సెప్టెంబరు 3న దుబాయ్ నుంచి బయలుదేరిన సరుకుల విమానం ఒకటి, లిథియం బ్యాటరీలున్న సరుకులో మంటలు రేగి కూలిపోయింది, ఇద్దరు పైలట్లూ చనిపోయారు. 2016 ఏప్రిల్ 1 నుంచి ప్రయాణికుల విమానాల్లో లిథియం అయాన్ బ్యాటరీలను విడి సరుకుగా పంపడాన్ని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిలిపివేసింది.

ప్రయాణికులకు మామూలు హద్దు 100 వాట్ అవర్లు, 160 దాకా అయితే విమాన సంస్థ అనుమతితో రెండు. పవర్ బ్యాంకు మీద రాసిన మిల్లీ ఆంపియర్ అవర్లను వెయ్యితో భాగించి 3.7 తో గుణిస్తే లెక్క వస్తుంది, 20,000 అని రాసి ఉంటే 74 వాట్ అవర్లు. చివరలకు టేపు, లేదా ఒక్కోదానికి ఒక్కో కవరు, లేదా ఒక్కోదానికి ఒక్కో గూడు ఉండాలన్నది మరో నియమం. పీవీసీ పైపుతో ఇంట్లో చేసుకున్న గూడు ఈ నియమానికి సరిపోతుంది. అయితే గొట్టంలా కనిపించే మూసిన వస్తువును తనిఖీవాళ్లు తెరిచి చూపించమంటారు కాబట్టి, పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బాలో విడివిడి కవర్లలో పెట్టుకుంటే వాళ్లకూ మనకూ సమయం కలిసొస్తుంది.

వాడేసిన సెల్లులకు కూడా ఇదే జాగ్రత్త కావాలి. టార్చి వెలగనంత మాత్రాన సెల్లు ఖాళీ అయినట్టు కాదు. 9 వోల్టుల బ్యాటరీ మైకును నడపలేకపోయినా ఉక్కుపీచును ఎర్రబెట్టగలదు, ఉబ్బిన ఫోను బ్యాటరీ చెత్తబండిలో నలిగితే మండుతుంది. మన దేశంలో 2022 బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలను తిరిగి సేకరించే బాధ్యత తయారీదారులదే. సెల్లు మీద కొట్టేసిన చెత్తబుట్ట బొమ్మ ఉండేది, దాన్ని మామూలు చెత్తలో వేయకూడదని చెప్పడానికే. సేకరణ కేంద్రానికి ఇచ్చేదాకా వాటిని వేరే ప్లాస్టిక్ డబ్బాలో ఉంచి, లిథియంవాటికీ 9 వోల్టులవాటికీ చివరల మీద టేపు వేసే ఉంచాలి. సేకరించే మనిషి ఆ డబ్బాను గోనెసంచిలోకి ఒంపేటప్పుడు వాటికి కాపలా ఉండేది ఆ టేపు ముక్కే.